రీసైక్లింగ్ డబ్బా ఎవరూ కెలకకుండా ఏం చేయాలి: తాళమా, టైమా, ష్రెడ్డరా?

రీసైక్లింగ్ డబ్బాకి ఎలాంటి తాళం కొనాలని అడిగేవాళ్లని నేను ముందు ఒక మాట అడుగుతాను: అందులోంచి ఏం పోతే మీకు బాధ? చాలామంది ఆగి ఆలోచిస్తారు. రాత్రిపూట ఎవరో మూత ఎత్తి కెలికిపోతున్నారన్న చిరాకు తప్ప, ఫలానాది పోయిందని చెప్పగలిగేవాళ్లు తక్కువ. కానీ ఏం కొనాలో, అసలు కొనాలో వద్దో ఆ జవాబు మీదే ఉంటుంది. పేరు, చిరునామా, ఖాతా నంబరు ఉన్న కాగితాలు పరాయివాళ్ల చేతుల్లో పడతాయన్న భయం ఒక రకం. తమకి కావలసింది తీసుకుని మిగతాది రోడ్డంతా చిమ్మి పోతున్నారన్నది ఇంకో రకం. తిరిగి ఇస్తే డబ్బులొచ్చే సీసాలు పోతున్నాయన్నది వేరే లెక్క. ఇక వచ్చేది మనిషి కాకుండా ఏ కుక్కో పక్షో అయితే, పైవాటికీ దానికీ సంబంధమే లేదు.

ఈ నాలుగింటికీ కలిపి ఒకే వస్తువు కొనేసి నిశ్చింతగా ఉందామంటే కుదరదు. తాళం వేస్తే కాగితాలు వీధిలో ఉన్నంతసేపు భద్రమే, కానీ చెత్త బండి ఎక్కాక అవి ఎందరి చేతుల మీదుగా పోతాయో మన చేతిలో లేదు. కాగితాలు కోసి ముక్కలు చేసే ష్రెడ్డర్ ఉంటే కాగితాల గొడవ తీరుతుంది, అల్యూమినియం డబ్బాల కోసం వచ్చేవాళ్లు మాత్రం రావడం మానరు. నా ఉద్దేశంలో చాలా ఇళ్లకి తాళం ఆఖరి మెట్టు. దానికి ముందు చేసి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటికి పెద్దగా ఖర్చు కూడా లేదు.

ఎవరు, దేనికోసం వస్తారు

సామాను ఏరుకునే మనిషికి డబ్బాలో ఉన్నదంతా అక్కర్లేదు. అతని చూపు ముందు అల్యూమినియం మీద పడుతుంది. ఖనిజం నుంచి కొత్త అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో దాదాపు 5 శాతంతోనే పాతదాన్ని కరిగించి మళ్లీ వాడుకోవచ్చు, అందుకే పాత అల్యూమినియానికి గిరాకీ తగ్గదు. అయితే ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా ఒక్కోటి 13 నుంచి 15 గ్రాములే తూగుతుంది. కిలో కావాలంటే 70 డబ్బాల దాకా పోగేయాలి. ఒక ఇంటి డబ్బాతో అతనికి ఏమీ కాదు. వీధి మొత్తం తిరగాలి, అదీ బండి రాకముందే తిరగాలి.

గాజు సీసా బరువు ఎక్కువ, ధర తక్కువ. డిపాజిట్ పద్ధతి, అంటే ఖాళీ సీసా తిరిగి ఇస్తే డబ్బులిచ్చే ఏర్పాటు, ఉన్న చోట తప్ప దాని జోలికి పోరు. ప్లాస్టిక్ సీసాలు తేలికే కానీ సంచి నిండిపోతుంది. అట్టలకి మోసుకెళ్లే బండి ఉండాలి.

ఇక్కడ గమనించాల్సింది అతని తొందర. ఒక్కో డబ్బా దగ్గర అతను వెచ్చించగలిగేది కొద్ది సెకన్లు. మూత తీయడం కాస్త కష్టమైనా, తీశాక పైపైన ఏమీ కనిపించకపోయినా పక్క డబ్బాకి వెళ్లిపోతాడు. కాబట్టి ఇతని విషయంలో చిన్న అడ్డంకి కూడా పనిచేస్తుంది, కోటగోడ కట్టాల్సిన పనిలేదు.

కాగితాల కోసం వచ్చేవాడి తీరు పూర్తిగా వేరు. అతనికి వీధంతా అక్కర్లేదు, ఒక్క ఇల్లు చాలు. కెలకడు, సంచి మొత్తం ఎత్తుకుపోతాడు. తీరిగ్గా ఇంకెక్కడో కూర్చుని చూసుకుంటాడు. ఇలాంటివాళ్లు అరుదు, కానీ నష్టం జరిగితే పెద్దదే. చిన్న అడ్డంకులు అతన్ని ఆపవు. అతనికి దొరికేది ఏదీ డబ్బాలో లేకుండా చూసుకోవడమే దారి.

టైము మార్చి చూడండి

అన్నిటికంటే చవకైన పద్ధతి, అన్నిటికంటే ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే. బండి వచ్చే ముందురోజు సాయంత్రమే డబ్బా బయట పెట్టేస్తే అది రాత్రంతా వీధిలో ఉంటుంది. ఏరుకునేవాళ్లకి అనువైన వేళ కూడా అదే, ఎందుకంటే వీధిలోని డబ్బాలన్నీ అప్పుడే వరసగా దొరుకుతాయి. పొద్దున లేచాక బయట పెడితే ఆ పది పన్నెండు గంటల అవకాశం గంటో రెండు గంటలో అవుతుంది. వాళ్లు వీధి దాటిపోయాక మీ డబ్బా బయటికి వస్తుంది.

దీనితో ఇబ్బంది లేకపోలేదు. బండి మరీ తెల్లవారుజామున వచ్చే చోట, రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకి, డబ్బా ఈడ్చుకురాలేని పెద్దవాళ్లకి ఇది కుదరదు. అలాంటప్పుడు పక్కింటివాళ్లతో మాట్లాడుకుని ఎవరో ఒకరు పొద్దున్నే రెండు ఇళ్లవీ బయట పెట్టేలా చూసుకోవచ్చు. లేదా ఇంకో ఉపాయం: డబ్బా నిండేదాకా ఆగి, వారం విడిచి వారం పెట్టడం. బయట ఉన్న రాత్రులు సగానికి సగం తగ్గుతాయి.

మిగతా రోజుల్లో డబ్బా ఎక్కడ ఉంటుందన్నది కూడా చూసుకోవాలి. గేటు లోపల, గోడ పక్కన, బయటికి మూత కనిపించకుండా ఉంటే చాలు. వీధిలోకి కనిపించే డబ్బా కంటే కనిపించని డబ్బాకి సగం భద్రత ఊరికే వస్తుంది.

తాళాల్లో ఏది మేలు

డబ్బా మూతకి వేసుకునే కట్లు, తాళాలు చాలా రకాలు దొరుకుతాయి. వాటిని తేలికైనదాని నుంచి చూద్దాం.

సాగే కొక్కేల తాడు, అంటే బంగీ తాడు, మూత మీదుగా లాగి రెండు పక్కలా తగిలిస్తారు. మనిషిని రెండు సెకన్లు కూడా ఆపదు. గాలికి మూత లేచిపోకుండా, చిన్న జంతువులు ఎత్తకుండా మాత్రం బాగా పనిచేస్తుంది. బండి వచ్చే వేళకి తీసేయాలి, తీయకపోతే సిబ్బంది విసుక్కుంటారు, లేదా డబ్బా ముట్టుకోకుండానే వెళ్లిపోతారు.

మామూలు తాళంకప్ప, గొలుసు విషయానికొస్తే, ఇందులో ఒక తిరకాసు ఉంది. తాళం వేసి ఉంటే బండివాళ్లు డబ్బా ఒంపలేరు. ముందురోజు రాత్రే తీసి ఉంచారనుకోండి, ఏరుకునేవాళ్లు వచ్చేది సరిగ్గా ఆ వేళకే, ఇక తాళం దేనికి? పొద్దున బండి వచ్చే టైముకి లేచి తీస్తామంటారా, ఆ టైముకి లేవగలిగినవాళ్లు డబ్బానే అప్పుడు బయట పెట్టుకోవచ్చు కదా. తాళంతో వచ్చే లాభం టైము మార్పుతోనే వచ్చేస్తోంది. పైగా ఒక్కసారి తాళం తీయడం మరిచిపోతే ఆ విడత చెత్తంతా ఇంట్లోనే ఉండిపోతుంది. ఇంటి లోపల పెట్టుకునే చోటు లేక, డబ్బా ఎప్పుడూ వీధిలోనే ఉండాల్సిన ఇళ్లకి మాత్రమే నేను తాళంకప్ప చెబుతాను.

గ్రావిటీ తాళం పైరెండింటికంటే తెలివైనది. లోపల ఒక బరువు ఉంటుంది. డబ్బా నిలబడి ఉన్నంతసేపు గొళ్లెం పడి ఉంటుంది. బండికి ఉండే యంత్రపు చేయి డబ్బాని ఎత్తి తలకిందులు చేసినప్పుడు ఆ బరువు జారి, గొళ్లెం దానంతటదే విడిపోతుంది. మళ్లీ కింద పెట్టాక మూత పడగానే బిగుసుకుంటుంది. ఎవరూ తీయక్కర్లేదు, వేయక్కర్లేదు. మీరు వాడుకునేటప్పుడు తాళంచెవితోనో మీటతోనో తెరుచుకుంటారు.

అయితే కొనే ముందు మీ చెత్త బండివాళ్లని కొన్ని సంగతులు అడగండి. వాళ్లు డబ్బాని యంత్రం చేత్తో ఎత్తుతారా, లేక మూత తెరిచి చేత్తో సంచులు తీసుకుంటారా? చేత్తో తీసుకునే చోట గ్రావిటీ తాళం దండగ. డబ్బా ఎవరిది? సంస్థ ఇచ్చిన డబ్బాకి స్క్రూలు కొట్టడానికి చాలాచోట్ల ఒప్పుకోరు. కన్నాలు పెట్టాక డబ్బా పగిలితే కొత్తది ఇవ్వకపోవచ్చు కూడా. తాళాలున్న డబ్బాలని వాళ్లు అసలు ఒంపుతారా అన్నది కూడా తేల్చుకోవాలి.

తెచ్చి బిగించాక ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. ఖాళీ డబ్బా మూత వేసి, నెమ్మదిగా వెనక్కి వాల్చి నేల మీద పడుకోబెట్టండి. అప్పుడు మూత లాగి చూడండి. ఈ స్థితిలోనే ఊడి వస్తే ఆ తాళం నాసిరకం. ఎవరైనా డబ్బాని కింద పడేసి తెరిచేస్తారు, గాలికి పడినా తెరుచుకుంటుంది. పడుకోబెట్టినప్పుడు గట్టిగా ఉండి, అడుగుభాగం ఇంకా పైకి ఎత్తి నోరు కిందికి చేసినప్పుడు మాత్రమే విడిపోవాలి. ఇంకో సంగతి: డబ్బా కుక్కి కుక్కి నింపితే మూత పూర్తిగా పడదు, గొళ్లెం అందదు. సగం వచ్చిన మూత కింద ఎంత మంచి తాళమైనా ఊరికే వేలాడుతుంటుంది. అట్టపెట్టెలు మడవకుండా అలాగే పడేసే ఇళ్లలో ఇది మామూలే.

కాగితాల సంగతి

తాళం గురించి వంద ప్రశ్నలు అడిగేవాళ్లు కూడా ష్రెడ్డర్ కొనేటప్పుడు కంటికి కనిపించింది కొనేస్తారు. నా మట్టుకు అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

ష్రెడ్డర్లలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి కాగితాన్ని పొడుగు పట్టీలుగా చీలుస్తుంది, ఇంకోటి పొడుగూ అడ్డమూ కోసి చిన్న ముక్కలు చేస్తుంది. పట్టీల రకం చవక, చకచకా పనిచేస్తుంది, కానీ కోసిన కాగితం మళ్లీ అతికించుకోవడానికి వీలుగా ఉంటుంది. 1979లో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం ఇరానియన్ల చేతికి చిక్కినప్పుడు, సిబ్బంది హడావిడిగా పట్టీలుగా కోసిన రహస్య పత్రాలని తర్వాత ఓపిగ్గా కూర్చుని అతికించేశారు. ఆ పనికి తివాచీలు నేసేవాళ్లని పెట్టారు. తర్వాత వచ్చిన పుస్తకాల్లో అవి అచ్చయ్యాయి కూడా. 2011లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఒక పోటీ పెట్టింది. ఐదు పజిళ్లుగా ఇచ్చిన పదివేలకి పైగా ముక్కలని కంప్యూటర్ ప్రోగ్రాముల సాయంతో ఒక జట్టు 33 రోజుల్లో సర్దింది. మీ కరెంటు బిల్లు కోసం ఇంత శ్రమ ఎవరూ పడరు, నిజమే. కానీ పట్టీల రకంలో ఒక చిక్కుంది: కాగితం మీద అక్షరాల వరసలు పట్టీ పొడుగునా వచ్చేలా పెడితే, ఒక్కో పట్టీ మీద ఒక్కో వాక్యం పూర్తిగా మిగిలిపోతుంది. ఖాతా నంబరు చెక్కుచెదరకుండా ఒకే పట్టీలో కనిపించవచ్చు.

ష్రెడ్డర్ పెట్టె మీద పీ-2, పీ-4 లాంటి గుర్తులు ఉంటాయి. ఇవి డిన్ 66399 అనే జర్మన్ ప్రమాణం నుంచి వచ్చాయి, 2018లో అదే అంతర్జాతీయ ప్రమాణంగా కూడా మారింది. కాగితానికి పీ-1 నుంచి పీ-7 దాకా స్థాయులు, అంకె పెరిగేకొద్దీ ముక్క చిన్నది. పీ-3 అంటే ముక్క వైశాల్యం 320 చదరపు మిల్లీమీటర్లు మించదు, పీ-4 అయితే 160, పీ-5 అయితే 30. ఇంటికి పీ-4 సరిపోతుంది. పీ-5 తీసుకుంటే ఒకేసారి పట్టే కాగితాలు తగ్గుతాయి, బుట్టలో నుసి ఎక్కువ, ధర కూడా ఎక్కువ. పీ-2 పట్టీల రకాన్ని, ఎంత చవకగా వచ్చినా, నేను వద్దంటాను.

ఇప్పుడు రెండో వైపు. కోసిన కాగితాన్ని చాలా రీసైక్లింగ్ సంస్థలు తీసుకోవు. ముక్కలు వేరుచేసే జల్లెడల్లోంచి జారి కింద పడిపోతాయి, గాజు ముక్కల్లో కలిసిపోతాయి. పీచు పొట్టి అయిపోవడం వల్ల కాగితం విలువ కూడా పడిపోతుంది. అందుకని ఇంట్లోని కాగితమంతా ష్రెడ్డర్‌లో వేయడం మంచిది కాదు. నంబరు, సంతకం, పుట్టిన తేదీ ఉన్న భాగం మాత్రం చింపి ష్రెడ్డర్‌లో వేసి, మిగతా కాగితం అలాగే డబ్బాలో వేయండి. కోసినవాటిని ఎరువు గుంట ఉంటే అందులో వేయొచ్చు. లేదా మీ సంస్థ ఒప్పుకుంటే కాగితపు సంచిలో మూటకట్టి ఇవ్వొచ్చు.

ష్రెడ్డర్ కొనే ఉద్దేశం లేనివాళ్లకి ఇంకొన్ని దారులు ఉన్నాయి. సిరా పూసే రోలర్ ముద్రలు అమ్ముతారు, పేరు మీద దొర్లిస్తే గజిబిజి అక్షరాలు పడి చదవడానికి వీల్లేకుండా చేస్తాయి. చిరునామా వరకు ఇవి చాలు. ఖాతా నంబర్లకి నేను నమ్మను, ఏటవాలుగా వెలుతురు పడితే కిందిది మళ్లీ కనిపించే వీలుంది. కొద్దిపాటి కాగితాలైతే బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి పిసికి ముద్ద చేసేయడం పాతకాలపు పద్ధతే అయినా గట్టిది.

పార్సిళ్ల మీద చిరునామా అంటించే లేబుళ్లది మరో కథ. అట్టపెట్టె డబ్బాలో వేస్తాం, లేబుల్ మీద పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు అన్నీ ఉంటాయి. గోరుతో లేబుల్ మీద గట్టిగా గీయండి. నల్లటి గీత పడిందంటే అది థర్మల్ కాగితం, వేడికి నల్లబడే రకం. దాని మీద ఒక పలచటి కాగితం పరిచి ఇస్త్రీపెట్టె ఒక్క నిమిషం నడిపితే లేబుల్ మొత్తం నల్లగా అయిపోయి అక్షరం ముక్క కనిపించదు. గీత పడకపోతే అది మామూలు సిరా, దాన్ని పీకి ష్రెడ్డర్‌లో వేయాల్సిందే. దుకాణాల బిల్లులు కూడా ఎక్కువగా ఈ థర్మల్ కాగితమే. వాటిని మామూలు కాగితంతో కలిపి రీసైక్లింగ్‌లో వేయకూడదు, పూతలో ఉండే రసాయనాలు మిగతా కాగితంలో కలుస్తాయి.

ఖరీదైన టీవీ కొన్న వారం దాని అట్టపెట్టె బొమ్మ పైకి కనిపించేలా బయట పెట్టడం కూడా ఒక రకమైన చాటింపే. పెట్టె విప్పి, లోపలి వైపు బయటికి వచ్చేలా మడిచి పెడితే ఆ ఇంట్లోకి ఏం వచ్చిందో దారినపోయేవాళ్లకి తెలియదు. పాత ఫోన్లు, హార్డ్ డిస్కులు, బ్యాటరీలు అసలు ఈ డబ్బాలోకే రాకూడదు. సమాచారం మాట అటుంచి, నలిగిన లిథియం బ్యాటరీ బండిలో మంట పెడుతుంది.

పక్కన పెట్టేయడం

వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, రోడ్డంతా చిమ్మడమే మీ బాధ అయితే దీనంత బాగా పనిచేసేది నాకు కనిపించలేదు. అల్యూమినియం డబ్బాలు, డిపాజిట్ సీసాలు వేరే సంచిలో వేసి డబ్బా పక్కన కనిపించేలా పెట్టండి. ఏరుకునే మనిషి సంచి పట్టుకుని వెళ్లిపోతాడు. మూత ఎత్తాల్సిన పని, లోపల చేయి పెట్టాల్సిన పని అతనికి ఉండదు. పగిలిన గాజు మీద చేయి పడే ప్రమాదం కూడా తప్పుతుంది.

జర్మనీలో ఒకసారి వాడి పారేసే డబ్బాలకి, సీసాలకి 2003 నుంచి డిపాజిట్ తప్పనిసరి, చాలావాటికి 25 సెంట్లు. దాంతో వీధి చెత్తబుట్టలు కెలికి సీసాలు ఏరుకునేవాళ్లు పెరిగారు. ఖాళీ సీసాలు బుట్టలో వేయకండి, పక్కన పెట్టండి అని అక్కడ ప్రచారం నడిచింది. కొన్ని నగరాలు చెత్తబుట్టకి చుట్టూ సీసాలు నిలబెట్టే వలయాలు బిగించి చూశాయి. కోపెన్‌హాగన్‌లో వీధి బుట్టలకి చిన్న అరలు పెట్టారు. ఇళ్ల ముందు అదే పని ఒక సంచితో అయిపోతుంది.

డిపాజిట్ డబ్బాలైతే నలపకండి. తీసుకునే యంత్రం డబ్బా ఆకారాన్నీ బార్‌కోడ్‌నీ చూసి గుర్తుపడుతుంది, నలిగినదాన్ని వెనక్కి తోసేస్తుంది. తూకానికి పోయేవైతే నలిపినా ఫరవాలేదు.

ఈ పద్ధతి అందరికీ నచ్చదు. ఇలా పెడితే ఇంకా ఎక్కువమంది వస్తారు కదా అంటారు. రావచ్చు, కానీ వచ్చినవాళ్లు గుట్టుచప్పుడు కాకుండా పోతారు. రాత్రి చప్పుడే మీ సమస్య అయితే సంచిని పగటిపూట పెట్టండి. అలా ఇవ్వడానికి మీ ప్రాంత నియమాలు ఒప్పుకోకపోతే, లేదా ఆ డబ్బులు మీకే కావాలనుకుంటే, వాటిని డబ్బాలో వేయకుండా పోగుచేసి నేరుగా కేంద్రానికి పట్టుకెళ్లడం ఒక్కటే మిగులుతుంది. అల్యూమినియం లేని డబ్బా దగ్గరికి రెండు మూడు వారాలు వచ్చి చూసి, తర్వాత రావడం వాళ్లే మానేస్తారు.

కెమెరా, బోర్డు, చట్టం

కెమెరా గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఎవరు వచ్చారో తెలుస్తుంది, రాకుండా ఆపదు. వీడియో చూసి మనకి బీపీ పెరగడం తప్ప ఒరిగేది తక్కువ, పైగా వీధిలో పోయేవాళ్లందరినీ రికార్డు చేయడానికి కొన్నిచోట్ల నియమాలు అడ్డం వస్తాయి. మనిషి కదలగానే వెలిగే లైటు అంతకంటే నయం. ముట్టుకోవద్దని రాసిన బోర్డు ఒక్కటే ఉంటే ఎవరూ చదవరు. కావలసినవి పక్క సంచిలో ఉన్నాయని రాస్తే మాత్రం చదువుతారు.

చట్టం మనల్ని కాపాడుతుందనుకుంటే ఒకటి గుర్తుంచుకోవాలి. అమెరికాలో కాలిఫోర్నియా వర్సెస్ గ్రీన్‌వుడ్ కేసులో 1988లో సుప్రీంకోర్టు, ఇంటి బయట తీసుకెళ్లడానికి పెట్టిన చెత్త సంచుల్ని పోలీసులు వారెంటు లేకుండా వెతకవచ్చని 6–2 మెజారిటీతో చెప్పింది. అలా పెట్టిన సంచి జంతువులకి, పిల్లలకి, ఏరుకునేవాళ్లకి, ఆరా తీసేవాళ్లకి అందుబాటులో ఉంటుందని అందరికీ తెలిసిందే కాబట్టి, అందులో గోప్యత ఆశించడం కుదరదన్నది కోర్టు వాదన. అది పోలీసుల గురించిన తీర్పే అయినా, అందులోని వాదన ఏ దేశంలోని ఇంటికైనా ఆలోచించదగ్గదే. మరోవైపు అమెరికాలోని ఎన్నో నగరాల్లో రీసైక్లింగ్ డబ్బాలోంచి ఏరుకోవడం నిషేధం, ఎందుకంటే బయట పెట్టిన క్షణం నుంచి ఆ సామాను సేకరణ సంస్థదవుతుంది. ఆ సామాను అమ్మగా వచ్చే డబ్బు సేకరణ ఖర్చులో కొంత పూడుస్తుంది. అంటే ఇక్కడ చట్టం ముందుగా చూసేది సంస్థ లాభనష్టాలని, మీ కాగితాల రహస్యాన్ని కాదు. రాత్రివేళ ఎదురెళ్లి గొడవ పెట్టుకోవడం మాత్రం ఏ చట్టం ఉన్నా వద్దు.

వచ్చేది మనిషి కాకపోతే

జంతువుకి కావలసింది వాసన, అంతే. డబ్బాలో వేసే ప్రతి సీసా, డబ్బా, తినే వస్తువుల పెట్టె ఒకసారి నీళ్లతో కడిగేస్తే సగానికి పైగా సమస్య పోతుంది. మిగతా సగానికే తాడు, గొళ్లెం.

తెలివైన జంతువులతో మాత్రం ఇది తెగని పోటీ. కెనడాలోని టొరంటోలో రకూన్ అనే జంతువుల బాధ భరించలేక 2016 నుంచి తిండి చెత్తకి తిప్పే గొళ్లెం ఉన్న కొత్త డబ్బాలు ఇళ్లకి పంచారు. వాటిని కూడా తెరిచిన రకూన్లు వీడియోకి చిక్కాయి. సిడ్నీలో కాకటూ పక్షులు చెత్తడబ్బా మూతలు ముక్కుతో ఎత్తి తెరవడం ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయి. 2018కి ముందు 3 శివారు ప్రాంతాల్లో మాత్రమే కనిపించిన ఈ విద్య 2019 చివరికి 44 ప్రాంతాలకి పాకిందని 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. జనం మూతల మీద ఇటుకలు పెడితే పక్షులు వాటిని తోసేయడం నేర్చాయి. అప్పుడు జనం బరువులు కట్టేయడం, మూత కీలు దగ్గర ఏదో ఒకటి ఇరికించడం మొదలుపెట్టారు. మూత మీద ఊరికే పెట్టిన బరువు కొద్దిరోజులకే పనిచేస్తుంది, కట్టి బిగించినదే నిలుస్తుంది.

అందరికీ ఒకే డబ్బా ఉన్నచోట

అపార్ట్‌మెంట్ల లాంటి చోట్ల పెద్ద ఉమ్మడి డబ్బాలు ఉంటాయి. అక్కడ పైన చెప్పినవాటిలో సగం పనికిరావు. టైము మార్చడం మీ ఒక్కరి చేతిలో ఉండదు, గ్రావిటీ తాళం పెద్ద డబ్బాలకి ఉన్నా నిర్ణయం కమిటీది. ఇక్కడ రెండు దారులు పోటీపడతాయి. ఒకటి, డబ్బాలన్నీ జాలీ గదిలో పెట్టి ప్రతి ఇంటికీ తాళంచెవి ఇవ్వడం. రెండోది, మూతకి తాళం వేసి, సీసాలకి గుండ్రటి కన్నం, కాగితాలకి సన్నటి చీలిక మాత్రమే వదలడం.

కన్నాల మూతే మేలని నేనంటాను. తాళంచెవి గది తలుపు రెండో వారానికల్లా ఎవరో ఇటుక అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారు, ఆ చెవుల సంగతి చూసుకునేవాళ్లు కూడా ఉండరు. కన్నంలోంచి చేయి పెట్టి అడుగునున్నది తీయడం కష్టం, పెద్ద నల్ల సంచుల్లో తడి చెత్త తెచ్చి రీసైక్లింగ్‌లో పడేసే ఇరుగుపొరుగుని కూడా అది ఆపుతుంది. కాకపోతే కన్నం కొలత ముందే చూసుకోవాలి. మరీ చిన్నదైతే అందులో పట్టనివన్నీ డబ్బా పక్కన గుట్టగా చేరతాయి, అప్పుడు ఏరుకునేవాళ్లకి మూత ఎత్తే శ్రమ కూడా మిగలదు. మీ భవనంలో ఎక్కువగా వచ్చే సీసాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని పట్టుకెళ్లి కన్నంలోంచి దూర్చి చూసి, అట్టపెట్టెలకి విడిగా తెరిచి ఉంచిన చోటు ఒకటి చూపించాకే ఆ మూతలకి ఆర్డర్ పెట్టించండి.